తాగినవాడి కారు ఎక్కని పిల్లలు

సాదత్ ఎజె బడి వంటింట్లో బొర్సోక్‌లు వేయిస్తుంది. పిండి ముక్క నూనెలో పడి పొంగేలోపు, పళ్లెం పట్టుకుని నిలబడ్డ పిల్లల మొహాలు చూసి ఎవరు ఇంట్లో తిట్లు తిన్నారో, ఎవరికి ఎవరి మీద మనసుపడిందో చెప్పేస్తుంది. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది గానీ నోరు ఎక్కడా ఆగలేదు. మొగుడు పోయాక ఇద్దరాడపిల్లల్ని ఒంటిచేత్తో పెంచి పెళ్లిళ్లు చేసింది. కోచ్కోర్ లోయలోని ఆ ఊళ్లో పిన్నాపెద్దా అందరికీ ఆమె అక్కే. అందుకే ఆ ఎజె అన్న మాట పేరుకి అతుక్కుపోయింది.

ఒక మధ్యాహ్నం జిల్లా ఆరోగ్య కార్యాలయం నుంచి తాలాయ్ అనే ఉద్యోగి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. అంతకుముందు చలికాలం, పెళ్లి విందు నుంచి తిరిగొస్తున్న ఒక కారు కనుమ దారిలో లోయలో పడింది. నడిపినవాడు తాగి ఉన్నాడు, లోపల బడిపిల్లలున్నారు. ఆ దుఃఖంలోంచే చోల్పొన్ టీచరు శుక్రవారం క్లాసు పుట్టింది. మందు గురించి, నాలుక కింద పెట్టుకునే నాస్ పొగాకు గురించి, తాగినవాడి బండి ఎక్కడం గురించి పిల్లలతో దాపరికం లేకుండా మాట్లాడే క్లాసు అది. ఏడాది గడిచాక, దానివల్ల ఏమైనా ఒరిగిందా అని చూడడం తాలాయ్ పని.

"ఫలితం ఏం బాలేదు ఎజే," అన్నాడు అతను వేడి బొర్సోక్ ఊదుకుంటూ. "తాగినవాడి కారు ఎక్కనని ఎప్పుడైనా చెప్పావా అని అడిగాం. చెప్పామన్నవాళ్లు ఎవరూ లేరు. ఇలాగైతే వచ్చే ఏడాది క్లాసు ఎత్తేస్తారు."

"మా పిల్లలు నిజమే చెప్పారన్నమాట. సంతోషం."

"నవ్వులాట కాదు. నన్ను చూస్తే బిగుసుకుపోతున్నారు. మీరు అడిగి చూడండి. కానీ ఉన్నదున్నట్టు చెప్పాలి. చోల్పొన్ మీ తమ్ముడి భార్యట కదా?"

"అయితే? దాని కూరలో ఉప్పెక్కువైతే అందరి ముందూ చెప్పేది నేనే. నువ్వు తిను."

మర్నాడు పళ్లెం పట్టుకుని వచ్చిన బెగిమాయ్‌ని సాదత్ పక్కకు లాగింది. తొమ్మిదో తరగతి పిల్ల, మాటకి మాట అప్పజెప్పే రకం.

"ఏమే, మొన్న పెళ్లి నుంచి ఎవరి కారులో వచ్చావు?"

"జానిబెక్ మామయ్య కారులో."

"తాగలేదా మీ మామయ్య?"

"తాగకుండా ఉంటాడా? ఆయన్ని చూస్తే సీసా తనే నడిచొస్తుంది."

"మరి ఎక్కనని చెప్పలేదూ?"

"నీకేమన్నా మతి పోయిందా ఎజే? అంతమంది పెద్దల్లో మామయ్యని పట్టుకుని నువ్వు తాగావు అంటానా? మా అమ్మ తలెత్తుకోగలదా?"

"ఎక్కేశావన్నమాట."

"ఎక్కాను. కానీ నడిపింది అత్తయ్య." పిల్ల కళ్లు మెరిశాయి. "టీ పోసేది నేనే కదా!"

విందులో టీ పోయడం కోడళ్ల పని, ఆడపిల్లల పని. పియాలా అనే టీ గిన్నె అడుగున రెండు గుక్కలే పోస్తే ఇంకాసేపు ఉండమని మర్యాద. నిండా పోస్తే ఇక బయల్దేరమని. మామయ్య లేవబోయినప్పుడల్లా బెగిమాయ్ ఎదుట నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని రెండు గుక్కలు అందించింది. అలా పట్టుకొస్తే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? పోస్తూ పోస్తూ ఉంటే ఆయన దిండుకి ఆనుకుని గుర్రు పెట్టాడు. మందు ముట్టని అత్తయ్య ఆయన జేబులోంచి తాళాలు తీసుకుంది.

"ఎవరు నేర్పారే నీకిది?"

"క్లాసులో మేమే అనుకున్నాం. నేరుగా కాదనలేకపోతే ఇంకేం చేస్తారని టీచరు అడిగింది. నిన్న కూడా ఒకత్తి కడుపునొప్పని చెప్పి, తాగినవాళ్ల కారెక్కకుండా వాళ్ల నాన్నమ్మ ఇంట్లోనే పడుకుంది."

సాదత్ నవ్వుతూ ఉండిపోయింది. బాణలిలో బొర్సోక్‌లు మాడిపోయాయి.

అంతటితో ఆమె సంబరపడిపోలేదు. ఇది క్లాసు చలవో, ఆడపిల్లలకి పుట్టుకతో వచ్చిన తెలివో తేలాలి కదా! ఆ క్లాసు లేని ఏటి అవతలి ఊరికి వెళ్లి, చెల్లెలింట్లో కూర్చుని అక్కడి పిల్లల్ని కదిపింది. వాళ్లూ టీ పోశారు. పోసి, చేతులు కడుక్కుని, తాగినవాడి కారులో వెనక సీట్లో కూర్చున్నారు. "ఏం చేస్తాం ఎజే, కళ్లు మూసుకున్నాం," అన్నారు.

తర్వాత తన ఊరి మగపిల్లల్ని అడిగింది. వాళ్లు టీ పొయ్యరు. విందులో బయట, మాంసం డేగిసాల దగ్గరుంటారు. అందరూ ఎక్కినవాళ్లే. ఒకడైతే ముందు సీట్లో కూర్చున్నానని గొప్పగా చెప్పాడు.

ఆ సాయంత్రం చోల్పొన్ మొహం వాడిపోయింది. "వదినా, మగపిల్లల సంగతి కూడా చెప్పేస్తావా? ఉన్న క్లాసు పోతుంది."

"చెప్తాను. దాచితే నీ క్లాసు ఉంటుంది, వాళ్లుండరు. ఏడవకు, పోయి మొహం కడుక్కో. సగం గెలిచావే పిల్లా!"

తాలాయ్ అంతా విని తల గోక్కున్నాడు. "ఇంతకీ నేనేం రాయను ఎజే? పనిచేసిందనా, లేదనా?"

"ఆడపిల్లలకి చేసింది, మగపిల్లలకి చెయ్యలేదు. అలాగే రాయి. ఎక్కనన్నావా అని అడక్కు నాయనా, ఆ మాట ఇక్కడ ఎవరూ అనరు. ఇంటికెలా వచ్చావని అడుగు."

"మీరు విన్నది కొందరి నోటి మాటే కదా. నేనే రెండూళ్లలో మళ్లీ అడుగుతాను."

"అడుగు. నాకేం భయం?"

అడిగాడు. సాదత్ చెప్పినట్టే తేలింది. క్లాసు ఇంకో ఏడాది ఉంచుతాం, మగపిల్లల్లో మార్పు కనిపించాలి అన్నారు జిల్లావాళ్లు. అయితే మగపిల్లలూ విందులో టీ పోస్తారు అని సాదత్ తేల్చేసింది. ఆ మాట విని, కూతురి పెళ్లి పెట్టుకున్న కుబాత్ ఆమె గుమ్మంలోకొచ్చి కేకలేశాడు.

"నా కొడుకు టీ పోయడమేంటి? వాడేమన్నా కోడలా?"

"కోడలైతే ప్రాణాలతో ఇంటికొస్తుంది కుబాత్. లోపలికి రా, అరవడానికి గొంతులో తడి ఉండాలి కదా."

పెళ్లి విందు రానే వచ్చింది. కుబాత్ కొడుకు ఎర్నిస్ పియాలా పట్టుకుని వస్తుంటే ముసలాళ్లు పగలబడి నవ్వారు. "కోడలిలా తలకి గుడ్డ కట్టుకోలేదేరా?" అన్నాడొకాయన. వాడు సగం టీ తివాచీ మీద ఒలికించాడు, చెవులు ఎర్రబడ్డాయి, అయినా తిరుగుతూనే ఉన్నాడు. సాదత్ నవ్వలేదు, తలుపు దగ్గరున్న కుబాత్ తమ్ముణ్ణే చూస్తోంది. అతను తూలుతూ లేచి, జేబులో తాళాలు తడుముకుంటూ పిల్లల్ని కేకేశాడు.

ఎర్నిస్ ఒక్క అంగలో వెళ్లి ఎదురు నిలబడ్డాడు. చెయ్యి గుండె మీదుంది.

"ఇంకో రెండు గుక్కలు, బాబాయ్."

అతను వాడి మొహంలోకి చూశాడు, పియాలా వైపు చూశాడు. తిట్టుకుంటూనే మళ్లీ కూర్చున్నాడు.