సీలు పడని రాజీనామాలు

నిన్న పొద్దుటి నుంచి సుబ్బరాయప్ప ఫోటో స్టేటస్ పెట్టుకున్న మీలో ఒక్కరు కూడా పోయిన ఆదివారం గ్రౌండుకు రాలేదు.

గోల్ వెనక ఆయన, ఆయన పక్కన నేను. చింతామణి ఫుట్‌బాల్ టీముకు చప్పట్లు కొట్టడానికి ఆ రోజు ఉన్నది మేమిద్దరమే.

అందుకే మీ పూల ఎమోజీలు చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

నిన్న పొద్దున ఏడు గంటలకు మన గోల్‌కీపర్ బాషా ఫోన్ చేశాడు. మురుగమల్ల నుంచి వస్తూ, దారిలో బండి ఆపి.

"అక్కా, సుబ్బరాయప్ప పోయినాడంట. నిద్రలోనే అంట."

"ఎవరు చెప్పినారు?" అన్నాను. ఎవరు చెప్పినా అది మారదని తెలిసి కూడా.

ఆదివారం ఆయన నా చేతిలో పోసిన ఉడికించిన చెనిక్కాయల తొక్కలు ఇంకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. ఆయన తాలూకు కచేరీలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. మన టీము గెలిచి రెండేళ్ళయింది. ఓడిన ప్రతిసారీ ఆయన అభిమానిగా రాజీనామా చేసేవారు.

నోటిమాటగా అనుకునేరు. తెల్ల కాగితం మీద, కచేరీల్లో రాసే కన్నడంలో, పైన "విషయం" అని వేసి, కింద సంతకం పెట్టి, క్లబ్ సెక్రెటరీ చేతికి ఇచ్చేవారు.

"సరే లేప్పా, చూసినాను" అనేవాడు సెక్రెటరీ.

"చూస్తే చాలదప్పా. తీసుకున్నట్టు సీలు వెయ్యి."

"సీలు ఇంట్లో ఉండాది."

"అట్లయితే నా రాజీనామా చెల్లదు. వచ్చే మ్యాచుకు నేను డ్యూటీలో ఉండేట్టే."

వచ్చే మ్యాచుకు మళ్ళీ అదే గోల్ వెనక నిలబడి ఉండేవారు. సెక్రెటరీ ఆ కాగితాలను ఏనాడూ చదవలేదు. మడిచి పర్సులో పెట్టుకునేవాడు.

ఒకసారి బాగేపల్లిలో ఆరు గోల్స్ తిన్నాం. అక్కడి పెద్దాయన ఒకరు నవ్వుతూ అడిగారు. "ఏమప్పా, మీ గోలుకు వాకిలి పెట్టించుకోకూడదా?"

"వాకిలి ఉండాదప్పా. బీగం చెవి మా కమిటీ కాడ ఉండాది" అన్నారు సుబ్బరాయప్ప.

బాగేపల్లి వాళ్ళే పగలబడి నవ్వారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన బాషా పక్కనే కూర్చున్నారు. దిగాక బాషా భుజం మీద చెయ్యి వేసి, "రెండు మాత్రం బాగా ఆపినావురా" అన్నారు.

ఇప్పుడు ఆ కమిటీ సంగతి నేను చెప్తాను.

మూడు ఇళ్ళ మగవాళ్ళు. ఎన్నేళ్ళుగానో వాళ్ళే. గ్రౌండు సగం వాళ్ళ టమోటా క్రేట్లు. మన పిల్లలు రోడ్డు పక్కన ప్రాక్టీస్ చేస్తారు. ఆడపిల్లలు మేమూ ఆడతామంటే, వాళ్ళకెందుకంటారు. ఇంత చేసి, పిల్లలకు ఆట రాదంటారు.

ఈ ఆదివారం కమిటీ మీటింగ్. టీమును ఎత్తేద్దామా అన్నది ఒక్కటే విషయం. ఎత్తేస్తే గ్రౌండు మొత్తం క్రేట్లదే.

ఈ మాట మీద నేను పోయిన నెల గ్రౌండులో గొంతు చించుకుంటుంటే ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"అరిస్తే గొంతు పోతాదమ్మా. రాసియ్యి. రాసిందాన్ని వాళ్ళు యాడనో ఒక చోట పెట్టుకోవాల కదా."

వకీలునైన నాకే రాసివ్వమని చెప్పిన మనిషి.

పోయిన ఆదివారం కూడా ఓడిపోయాం. రెండు ఒకటి. కానీ ఆ ఒకటి, ఈ ఏడాదిలో మన మొదటి గోల్. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

మ్యాచ్ అయ్యాక పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఏదో రాశారు. ఎప్పటి రాజీనామానే అనుకున్నాను. సెక్రెటరీ కూడా అలాగే అనుకుని, మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

నిన్న ఆయన ఇంటి ముందు ఆ సెక్రెటరీ ఏడుస్తూ నిలబడి ఉన్నాడు.

నాకు జాలి కలగలేదు. "ఆ కాగితం యాడ ఉండాదప్పా?" అని అడిగాను.

తీశాడు. విప్పాడు.

అది రాజీనామా కాదు.

విషయం: టీమును నడిపించుట గురించి. కింద ఆయన సంతకం. దాని కింద పదకొండు మంది పిల్లల సంతకాలు.

రెండుసార్లు చదివాడు. బండెక్కి వెళ్ళిపోయాడు. పారిపోయాడనుకున్నాను.

అరగంటలో సీలు, ఇంకు ప్యాడ్ పట్టుకుని వచ్చాడు. అందరి ముందు, అరుగు మీద కాగితం పెట్టి, సీలు వేశాడు.

"ఆదివారం మీటింగులో నేనే చదివి చెప్తానమ్మా" అన్నాడు. "నేనొక్కడే అయితే నా మాట సాగదు. మీరంతా రాండి."

సీలు పడిన కాగితాలు బీరువాల్లో చెదలు పట్టడం ఇరవై ఏళ్ళుగా కోర్టుల్లో చూస్తున్నదాన్ని. అయినా ఈసారి నాకు నమ్మకం ఉంది. రెండేళ్ళలో ఆ మనిషి ఇంటికి వెళ్ళి సీలు తేవడం ఇదే మొదలు. టీము గోల్ కొట్టింది కూడా ఈ వారమే.

స్టేటస్‌లు తీసేయమని అడగను. ఆదివారం పదింటికి మీటింగ్ జరిగే గ్రౌండుకు రండి. రాకపోతే ఆ ఫోటో పెట్టుకునే హక్కు మీకు లేదు.

సుబ్బరాయప్పా, మీ రాజీనామాల్లో ఒక్కదానికీ సీలు లేదు. మీరింకా డ్యూటీలోనే ఉన్నారు. ఇన్నాళ్ళూ నిలబడే చూశారు. ఇక కూర్చుని, నెమ్మదిగా చూడండి.

ఆయన కాగితంలో ఉన్నవి ఇవే. ఆదివారం మేము అడిగేవీ ఇవే.

1. టీమును ఎత్తేయకూడదు.
2. గ్రౌండులోంచి టమోటా క్రేట్లు తీసేయాలి.
3. వారానికి నాలుగు సాయంత్రాలు ప్రాక్టీసుకు ఇవ్వాలి. అందులో రెండు ఆడపిల్లలకు.
4. ఆడే పిల్లల్లో ఇద్దరిని కమిటీలోకి తీసుకోవాలి.
5. బాషాకు కొత్త గ్లవుజులు కావాలి.
6. క్లబ్బు సీలు క్లబ్బులోనే ఉండాలి.