గేమ్ మాస్టర్ ఆటకు కూర్చున్న రోజు

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. జనం పైకీ కిందికీ పోతుంటే, ఈయన మధ్యలో వేలాడుతూ గ్రీజు పూసుకుంటాడు. ఇంటికొచ్చి పడుకుంటాడా అంటే అదీ లేదు. ఏళ్ల తరబడి ఒక పుస్తకం రాశాడు. కథల పుస్తకం కాదు. నలుగురు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, తలా ఒక వీరుడై కథలోకి దూకే ఆట ఒకటుంది. దానికోసం ఈయన నేల కిందికి అంతస్తులు అంతస్తులుగా దిగే ఊరొకటి కట్టాడు. ఏ తలుపు వెనక ఏముందో, ఏ వంతెన ఎప్పుడు కూలుతుందో అంతా అందులో ఉంటుంది. ఎవరూ వేయకపోతే తనే అచ్చు వేయించుకున్నాడు.

పని నుంచి వచ్చేసరికి ఆయన కళ్లు మండుతుంటాయి. అందుకని ప్రూఫులు నేను పైకి చదివితే, పడుకుని వింటూ తప్పులు చెప్పేవాడు. పాచికలు దొర్లించుకునే ఆటతో నాకేం పని అని సణుగుతూనే మొత్తం చదివాను.

మొన్న ఆ ఆటల పత్రికలో సమీక్ష వచ్చింది. ముక్కూ మొహం తెలియని ఆవిడెవరో పుస్తకాన్ని ఆకాశానికెత్తేసింది. ఈ ఊళ్లో తిరుగుతుంటే తన చేతికి గ్రీజు అంటుకుందట! అదీ ఆయనకు పైకి చదివి వినిపించాను. ఈయన సాక్సు విప్పుకుంటూ, "బాగుంది" అన్నాడు.

"బాగుందేమిటండీ బాగుంది! ఎగిరి గంతెయ్యరేం?"

"ఒళ్లు సహకరించద్దూ? అయినా ఇదే ఆఖరుది. ఇక రాయను." విప్పిన సాక్సు బూట్లో కుక్కుతూ, "ఆ ఊళ్లోకి నేనూ ఒక్కసారి వెళ్దామనుకున్నా. మాస్టర్‌ని కదా, కుదరదు" అన్నాడు.

నిజమే. ఆటలో ఒకరు గేమ్ మాస్టర్. కథ నడిపేదీ, రాక్షసుల గొంతుతో మాట్లాడేదీ, తగువులు తీర్చేదీ ఆ ఒక్కరే; ఆడే యోగం మాత్రం ఉండదు. మా ఇంట్లో ఆ కుర్చీ ఎప్పుడూ ఈయనదే.

ఆదివారం ఆయన ఆట నేస్తాలు, టైలరూ మందుల షాపావిడా, సమీక్ష వచ్చినందుకు కేకు పట్టుకుని వచ్చారు. తిన్నారో లేదో టైలర్ పాచికలు గలగలలాడించాడు.

"గురువుగారూ, సంబరమంటే ఆటే! మొదలెట్టండి."

పెళ్లికొడుకు చేతికే గరిటె ఇచ్చి వడ్డించమన్నట్టుంది వరస! నాకు ఒళ్లు మండింది. ఈయనేమో మాస్టర్ కుర్చీ వైపు లేచాడు. ఆయన కంటే ముందే వెళ్లి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

"మీకు ఆట వచ్చా వదినా?" అంది మందుల షాపావిడ.

"రాకేం? ఆ పుస్తకం కామాలతో సహా నాకు నోటికొచ్చు. ఏమండీ, మీరు అటు కూర్చోండి."

"నాకన్నీ తెలుసు కదే, నేనేం ఆడతాను?" అంటూనే కూర్చున్నాడు.

ఆట తడబడుతూ సాగింది. గొయ్యి దూకాలంటే పాచిక, తాళం విరగ్గొట్టాలంటే పాచిక, ఆఖరికి అబద్ధమాడాలన్నా పాచికే. ఎలాగో ముగ్గురూ అట్టడుగు అంతస్తుకు చేరారు. ఈయన వీరుడు చివరి తలుపు తోశాడు.

"లోపలేం ఉండదు. ఖాళీ గది. నేనే రాశాగా" అన్నాడు నీరసంగా.

"పుస్తకంలో ఖాళీయే. ఇప్పుడు మాస్టర్‌ని నేను. లోపల దీపం వెలుగుతోంది. పక్కనే ఒక కుర్చీ. మీకోసమే వేసి ఉంచారు. ఏం చేస్తారు?"

"గురువుగారూ, అది ఉచ్చు! ముట్టుకోకండి!" టైలర్ అరిచాడు.

ఈయన నా వైపే చూస్తుండిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కూర్చుంటాను" అన్నాడు.

అలవాటుగా పాచిక కోసం చెయ్యి చాచాడు. ఆ చేతిని పట్టుకుని ఆపాను.

"కూర్చోడానికి పాచిక అక్కర్లేదండీ."