కాశీ సత్తియ్య పిలుచుకువచ్చిన మనిషి

చనిపోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, గయకు తీసుకుపోతాను నా వెంట రమ్మని చెప్పి, తీరా అక్కడికి తీసుకుపోకపోతే అతను ఏమవుతాడు? తిరిగి ఇంటికి వస్తాడా, లేక దారిలో ఏ స్టేషనులోనో ఉండిపోతాడా? ఈ ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు తెలియదు. చూపు బాగున్నన్నాళ్ళూ దొరికిన పుస్తకమల్లా చదివాను. గయలో పిండం పెట్టి పెద్దలను తరింపజేసినవాళ్ళ కథలు చాలా ఉన్నాయి. సగం దారి వెళ్ళి ఆగిపోయినవాళ్ళ కథ ఎవరూ రాసినట్టు లేదు.

ఉప్పాడ సత్తియ్యను పిఠాపురం బజారులో కాశీ సత్తియ్య అనేవారు. సముద్రం మీద వేటాడి బతికే ఇంట్లో పుట్టాడు. వయసులో కాకినాడ రేవు నుంచి కలకత్తాకు, రంగూనుకు పోయే తెరచాప ఓడల్లో కళాసీగా పనిచేశాడు. హిందూస్తానీ అక్కడే అబ్బింది. పొగ ఓడలు వచ్చి తెరచాపలు మూలపడ్డాక ఊరికి తిరిగివచ్చి మళ్ళీ వల పట్టాడు. అయితే కాశీ వెళ్ళాలని ఆశపడే షావుకార్లకు ఆ భాష వచ్చిన మనిషి కావలసివచ్చాడు. అలా ఏడాదికో గుంపును వెంటబెట్టుకుని కాశీ, ప్రయాగ, గయ, లక్నో, ఆగ్రా, ఢిల్లీ చూపించి తీసుకురావడం అతని రెండో వృత్తి అయింది. సామర్లకోట మీదుగా కలకత్తా దాకా రైలు పడ్డాక ఆ పని బాగా పెరిగింది.

అతని పద్ధతి విచిత్రంగా ఉండేది. కాశీ సందుల్లో మనుషులు తప్పిపోకుండా వల లాగే తాడు ఒకటి తెచ్చేవాడు. ముందుకొన తన భుజం మీద వేసుకునేవాడు. మిగిలినవాళ్ళంతా వరసగా తాడు పట్టుకు నడవాలి. మేము వెళ్ళిన ఏడు మా మేనమామ భార్య, అత్తయ్య సుబ్బాయమ్మగారు, ఆ తాడు మీద పసుపునీళ్ళు చల్లితే గాని పట్టుకునేది కాదు.

"కొత్త తాడేనండి అమ్మగారండీ, చేపన్నది చూళ్ళేదండి," అనేవాడు సత్తియ్య.

"నువ్వు చూశావు కదరా. అది చాల్లే," అనేది అత్తయ్య.

అతను చెప్పే చరిత్ర కూడా అలాంటిదే. ఏ కోట ఎవరు కట్టారని అడిగినా తడుముకోకుండా ఓ పేరు చెప్పేవాడు. ఆగ్రాలో చెప్పిన రాజును ఢిల్లీలో మళ్ళీ చంపేవాడు. నేను చదువుకున్నది వేరే. అయినా అతను చెబుతుంటే వినబుద్ధి వేసేది.

యాత్రలో ఉన్నన్నాళ్ళూ మా మీద గౌరవంతో చేప ముట్టేవాడు కాదు. మేము సత్రంలో లోపల పడుకుంటే అతను వాకిట్లో పడుకునేవాడు. అతని పొయ్యి వేరు, కుండ వేరు. అతని నోరు మాత్రం మా అందరిదీ.

అతని ఒక్కగానొక్క కొడుకు చిట్టియ్య. పెళ్ళీడు కుర్రవాడు. మా పెరట్లో కొబ్బరికాయలు దింపడానికి వచ్చేవాడు. ఒక శ్రావణమాసంలో వేటకు వెళ్ళిన పడవ చిట్టియ్య లేకుండా తిరిగివచ్చింది. శవం దొరకలేదు. ఆ ఏడు సత్తియ్య యాత్రకు వెళ్ళలేదు. మరుసటి ఏడూ వెళ్ళనన్నాడు. అప్పుడు మా మేనమామ పల్లంరాజు శెట్టిగారు కబురంపి పిలిపించాడు. మామయ్యకు కాశీ కోరిక ఎంత ఉందో ఢిల్లీ చూడాలన్న కోరిక అంతకు రెట్టింపు ఉంది. ముందటేడు అక్కడ ఇంగ్లండు రాజు పట్టాభిషేకం పేర జరిగిన దర్బారు గురించి పత్రికల్లో నాచేత చదివించుకుని మురిసిపోయాడు.

"నువ్వు రాకపోతే మేం ఎవరితో వెళ్ళాలిరా?"

"మనసు బాగోలేదండి సెట్టిగారండీ. మా ఇంటిదానికి కల్లోకొస్తన్నాడండి. తడిబట్టల్తో గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మంటే రాడంటండి."

"అయితే మరీ రావాలి నువ్వు. వచ్చేటప్పుడు గయలో దిగుదాం. మీవాడికి పిండం పెట్టించే పూచీ నాది. నా మాట మీద నమ్మకం ఉందా లేదా?"

సత్తియ్య మామయ్య కాళ్ళకు దణ్ణం పెట్టాడు. అతను ఎన్నో గుంపులను గయకు తీసుకువెళ్ళాడు. తనవాళ్ళ కోసం అక్కడ అడుగుపెట్టే అవసరం అంతకుముందు రాలేదు.

ప్రయాణానికి ముందురోజు రైలు వేళ చెప్పిరమ్మని మామయ్య నన్ను ఉప్పాడ పంపాడు. నేను వెళ్ళేసరికి సత్తియ్య భార్య పెద్దింట్లమ్మ ఒడ్డున నిలబడి ఉంది. సత్తియ్య నడుములోతు నీళ్ళలో అలలకు తూలుతూ నడుస్తున్నాడు.

"ఏం చేస్తున్నాడమ్మా అక్కడ?"

"ఊరు చుట్టూ తిరుగుతున్నాడండి."

గయకు వెళ్ళేవాడు బయలుదేరే ముందు ఊరు చుట్టి, చనిపోయినవాళ్ళను పేరుపేరునా పిలవాలని మాకందరికీ తెలుసు. పిలిస్తే వాళ్ళు వెంట వస్తారు. అందుకే ఆ పిలుపు ఎవరూ ఊరికే పిలవరు. కాని ఇతను తిరిగేది సముద్రంలో.

"ఊరు ఇటు కదా ఉంది?" అన్నాను.

"మా పాత వీధి అక్కడే ఉండేదండి. సముద్రం తినేసింది. ఆడు పుట్టిన ఇల్లు అక్కడేనండి. అదొదిలేసి తిరిగితే ఆడికెలా తెలుస్తాదండి?" అంది పెద్దింట్లమ్మ. మళ్ళీ, "ఆడికి రైలంటే బయ్యం బాబూ. చిన్నప్పుడు సామర్లకోట తీసుకెళ్తే కూత విని పిఠాపురం దాకా పరిగెత్తుకొచ్చేసేడు. ఎక్కుతాడంటారా?" అని అడిగింది.

నీళ్ళలోంచి సత్తియ్య కేక వినిపించింది. "ఒరే చిట్టియ్యా! రారా నాన్నా! రేపు రైలు. గయ దాకా నాతో రా. మీ అమ్మని చూసుకోవాలంటే ఇప్పుడే చూసేసుకో. మళ్ళీ ఇటు రాకూడదు నువ్వు."

పెద్దింట్లమ్మ కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. ఎవరో తనను చూస్తున్నట్టే నిలబడింది.

కాశీలో మా పనులన్నీ సవ్యంగా జరిగాయి. మామయ్య కాశీ పురోహితుడితో ఒక పూట విడిగా చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. వచ్చి, ముందు ఊళ్ళన్నీ చూసేద్దాం, గయ సంగతి తిరుగుదారిలో చూసుకోవచ్చు అన్నాడు. సత్తియ్య సరేనన్నాడు. అనుకున్నదీ అదే.

లక్నోలో సిపాయిల తిరుగుబాటు నాటి ఫిరంగి దెబ్బలు తిన్న గోడలు చూశాం. ఆగ్రాలో తాజమహలు ముందు అత్తయ్య నోరు తెరిచి నిలబడిపోయింది. ఇంత ఇంటిలో కాపురం ఎవరు చేస్తారని అడిగింది. చచ్చిపోయినవాళ్ళు అని సత్తియ్య చెప్పగానే చెంపలు వేసుకుని మెట్లు దిగిపోయింది. సత్తియ్య వెనకవైపు గోడ దగ్గరికి వెళ్ళి యమునను చూస్తూ తనలో తాను మాట్లాడుకుంటున్నాడు.

"ఎవరితోరా కబుర్లు?" అన్నాడు మామయ్య.

"మావోడితోనండి. ఏటి నిండా ఇసకేరా, ఇక్కడోళ్ళు వల ఎక్కడేస్తారో అంటున్నానండి. పాపం ఇన్నాళ్ళబట్టీ రాళ్ళే చూస్తున్నాడు."

అత్తయ్య అదిరిపడింది. "ఓరి నీ మొహం మండా! దెయ్యాన్ని వెంటేసుకుని తిప్పుతున్నావట్రా మాతో?"

"దెయ్యమేంటండి అమ్మగారండీ, మా చిట్టియ్యండి. మీ కొబ్బరిచెట్లెక్కినోడేనండి."

అత్తయ్య ఆ తరువాత రైల్లో సత్తియ్య కూర్చున్న బల్ల వైపు కూడా చూసేది కాదు. మామయ్య మాత్రం ఢిల్లీలో కోట, మసీదు, దర్బారు జరిగిన మైదానం అన్నీ తీరిగ్గా చూశాడు. అన్నిచోట్లా సత్తియ్యే బేరం ఆడాడు, సత్తియ్యే బండి మాట్లాడాడు, జామా మసీదు మెట్ల మీద అత్తయ్యకు కళ్ళు తిరిగితే సత్తియ్యే ఎవరినో బతిమాలి నీడలో కూర్చోబెట్టించాడు.

తిరుగుప్రయాణంలో మొగల్‌సరాయి వచ్చింది. సత్తియ్య మూట భుజాన వేసుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడ దిగిపోతే తిన్నగా గయ బండి ఉందండి."

"పట్నా దగ్గర బంకిపూరులో మారదాం లేరా. అక్కణ్ణుంచీ ఉందిగా," అన్నాడు మామయ్య.

అక్కణ్ణుంచీ ఉంది. సత్తియ్య నమ్మాడు. బంకిపూరు దగ్గర పడుతుండగా మళ్ళీ లేచి, పెట్టెలు దించనాండి అని అడిగాడు. మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "దిగటం లేదు సత్తియ్యా," అన్నాడు.

"అదేంటండి?"

"మా నాన్నగారు బతికున్నారు. తండ్రి ఉన్నవాడు గయ పోకూడదట. పోతే ఆయనకు కీడట. తెలిసి తెలిసి ఎలా పోతాన్రా?"

"మీరు రావద్దండి. మీరు బంకిపూరు సత్రంలో ఉండండి. నేనొక్కణ్ణీ పోయి, రేపు రాత్రికల్లా వచ్చేస్తానండి."

"నువ్వు పోతే మాకిక్కడ నోరెవరిదిరా? ఆడవాళ్ళను పెట్టుకుని ముక్కూ మొహం తెలియని ఊళ్ళో నేనేం చెయ్యను? వచ్చే ఏడు వెళ్దువుగాని. నేనే పంపిస్తాను."

"వచ్చే ఏడేంటండి? పిలిచేసేనండి ఆణ్ణి. రైలెక్కేసేడండి."

అంతవరకూ మొహం తిప్పుకుని కూర్చున్న అత్తయ్య విసుక్కుంది. "ఎందుకురా ప్రాణం తీస్తావు? గయ కూడదని కాశీలోనే చెప్పాడు ఆ పంతులు."

సత్తియ్య మామయ్య మొహంలోకి చూశాడు. అంతకుముందు అతను మామయ్యను అలా తిన్నగా చూడటం నేను ఎరగను.

"కాశీలోనే తెలుసాండి?"

"ముందే చెబితే నువ్వు మమ్మల్ని ఢిల్లీ తీసుకెళ్ళేవాడివా?" అన్నాడు మామయ్య. నిజమే చెప్పాడు. ఆయన చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. సత్రం కట్టించాడు, వేసవిలో చలివేంద్రం పెట్టించాడు. వాళ్ళ నాన్నగారు ఆ తరువాత చాలా ఏళ్ళు బతికారు. అది తాను గయలో దిగకపోవడం వల్లనేనని మామయ్య చివరిదాకా నమ్మాడు.

బంకిపూరులో రైలు ఆగింది. అవతలి పట్టాల మీద గయ బండి సిద్ధంగా ఉంది. సత్తియ్య మూట తీసుకుని తలుపు దాకా వెళ్ళాడు. అత్తయ్యకు అప్పుడు అర్థమైంది. "ఒరే ఒరే, మమ్మల్ని ఈ అడవిలో వదిలేస్తావట్రా? నీకు పుణ్యముంటుంది, పోకురా!" అని ఏడుపు మొదలుపెట్టింది.

సత్తియ్య ఒక కాలు మెట్టు మీద పెట్టి నిలబడ్డాడు. ఎదుటి బండిని చూశాడు, అత్తయ్యను చూశాడు. "నా తాడు పట్టుకున్నోళ్ళని ఎప్పుడూ మజ్జిలో వదల్లేదండి," అన్నాడు. లోపలికి వచ్చి కూర్చున్నాడు. గయ బండి మాకంటే ముందే కదిలి వెళ్ళింది.

ఆ సాయంత్రం నేను అతని పక్కన కూర్చున్నాను.

"ఆణ్ణి వెనక్కి ఎలా తీసుకెళ్ళేది బాబూ? మళ్ళీ తడిబట్టల్తో గుమ్మంలో నిలబడతాడు. నేను పక్కనే నిలబడాలి. అది తలుపు తీసి ఏమయ్యిందని అడిగితే ఏం చెప్పను?"

 

మర్నాడు పొద్దున హౌరాలో దిగాం. సత్తియ్య ఎప్పటిలాగే కూలీలతో తగవుపడి సామాను సామర్లకోట మీదుగా వెళ్ళే మా బండి దగ్గరికి చేర్పించాడు. మామయ్యకు కిటికీ పక్క చోటు సంపాదించాడు. పెట్టెలో బరంపురం వెళ్ళే తెలుగు గుమాస్తా ఒకాయన కనిపిస్తే, మావాళ్ళకు ఈ భాష రాదండి, ఖరగ్‌పూరులో బండి ఎక్కువసేపు ఆగుద్ది, దిగనివ్వకండి అని ఒప్పగించాడు. మంచినీళ్ళు పోసే బ్రాహ్మణ్ణి పిలుచుకువచ్చి మా కిటికీ దగ్గర నిలబెట్టాడు.

మామయ్యకు ఏమనిపించిందో, "నువ్వూ ఎక్కరా, కూత వేస్తున్నాడు," అన్నాడు.

సత్తియ్య మూట భుజానికి ఎత్తుకున్నాడు. అత్తయ్య రెండో చెంబు బయటికి చాపుతూ, "ఇందులో కూడా పోయమని చెప్పరా సత్తియ్యా," అంటోంది. అతను అప్పటికే మా పెట్టె దాటి, తనలో తాను మాట్లాడుకుంటూ, జనాన్ని తప్పించుకుంటూ గేటు వైపు నడిచిపోతున్నాడు. అత్తయ్య ఇంకా పిలుస్తూనే ఉంది.