అక్క అడిగిన జాగ

మొన్న పొద్దున్నే కిష్టారెడ్డిపేట నుంచి ఫోన్ వచ్చింది. అక్క కొడుకు. "చిన్నమ్మా, అమ్మ పోయింది. నిద్రలనే పాణం పోయింది" అన్నాడు. ముందురోజు సాయంత్రం కూడా బజారుకు వెళ్లి, కొత్తిమీర కట్ట చిన్నగా ఉందని తగువు పెట్టుకుని మరీ వచ్చిందట.

ఆమె నాకు తోబుట్టువు కాదు. కాజీపల్లిలో మేమిద్దరం పనిచేసిన మందుల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో, నాకన్నా ముందు చేరిన మనిషి. హత్నూర దగ్గరి పల్లె నుంచి భర్త వెంట వచ్చి కిరాయి గదిలో సంసారం పెట్టింది. సెక్షన్‌లో ఆడవాళ్లందరికీ అక్క. మాకన్నా పెద్దవాడైన సూపర్‌వైజర్ కూడా అక్కా అనే పిలిచేవాడు. డబ్బాలో ఎప్పుడూ ఒక జొన్నరొట్టె ఎక్కువ తెచ్చేది. ఎవరు తినకుండా వచ్చారో మొహం చూసి కనిపెట్టేది. తిట్టి తినిపించేది.

నేను చేరింది తొంభైల మొదట్లో. పెళ్లి కూడా కాలేదు. చేరిన కొన్ని నెలలకే పొత్తికడుపులో నొప్పి మొదలైంది. మూత్రానికి వెళ్తే మంట. ఎవరికి చెప్పుకోవాలి? అమ్మ వేడి చేసిందని సబ్జా నీళ్లు ఇచ్చింది. మేం ప్యాక్ చేసేది నొప్పి బిళ్లలే. బయట దుకాణంలో అవే కొనుక్కుని మింగేదాన్ని. కాసేపు తగ్గేది, మళ్లీ వచ్చేది. పెళ్లికాని పిల్లకు కింద నొప్పి అంటే జనం ఏమనుకుంటారోనని ఆ భయం వేరే.

ఒకరోజు బల్ల అంచుకు కడుపు ఆనించి పని చేస్తుంటే అక్క చూసింది.

"ఏందే గట్ల వంగినవ్?"

"ఏం లేదక్కా, జెర కడుపుల నొస్తుంది."

"ఎన్నొద్దుల సంది?"

"బోనాల సంది."

"బోనాల సందా! పండుగలన్నీ అయిపోయినయ్. ఇంకెప్పుడు జెప్తవ్?"

మర్నాడే పటాన్‌చెరులో కార్మికుల దవాఖానకు లాక్కుపోయింది. అక్కడి డాక్టరమ్మ పరీక్షలు రాసి, "డ్యూటీలో నీళ్లు ఎన్ని తాగుతావమ్మా?" అని అడిగింది.

అక్కే చెప్పింది. "తాగితే పోవాలె గద డాక్టరమ్మా. పోనీకి జాగ ఏది?"

నిజమే. ఆడవాళ్లకని ఉన్న ఒక్క మరుగుదొడ్డి గేటు పక్కన, బాయిలర్ అవతల ఉండేది. తలుపుకు గడియ లేదు. పోవాలంటే సూపర్‌వైజర్‌ను అడగాలి, లోడింగ్ మగవాళ్ల మధ్య నుంచి నడవాలి. అందుకే పొద్దున గొంతు తడుపుకుని వచ్చి, ఇంటికి పోయాకే కడుపునిండా తాగేవాళ్లం. అలా ఉండడం మాకు అలవాటైపోయింది. అది రోగం తెస్తుందని మాకు తట్టలేదు.

"మీ కంపెనీ నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి మూత్రంలో ఇన్‌ఫెక్షనే" అంది డాక్టరమ్మ. "అలాగని అందరిదీ అదే అనుకోవద్దు. గర్భసంచిలో వాపు కావచ్చు, గడ్డ కావచ్చు, రాయి కావచ్చు, పేగుల్లో ఏదైనా కావచ్చు. చూడకుండా బిళ్లలు మింగితే లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?"

తిరుగు బస్సులో అక్క డాక్టరమ్మ రాసిన చీటీని మడిచి కొంగుకు ముడేసుకుంది. దిగేముందు, "రోగం మనది గాదే. ఆ జాగ లేకపోవుడే రోగం" అంది.

ముందు సూపర్‌వైజర్‌ను అడిగింది. నవ్వి తప్పించుకున్నాడు. ఆ వారంలోనే హైదరాబాద్ నుంచి పెద్ద మేనేజర్ సెక్షన్ చూడ్డానికి వచ్చాడు. వెనక ఆఫీసర్లు, ఆ వెనక మెకానిక్కులు, అందరూ మగవాళ్లే. అక్క బల్ల దగ్గర నుంచి లేచి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"సార్, మాకు మూత్రం పోనీకి జాగ కావాలె."

మెషీన్ నడుస్తూనే ఉంది, మా చేతులే ఆగిపోయాయి. ఆ మాట ఇంట్లో భర్త ముందు అనడానికి కూడా గొంతు పెగలని రోజులవి.

మేనేజర్ మొహం ఎర్రబడింది. "ఇలాంటివి సూపర్‌వైజర్‌తో చెప్పుకోవాలమ్మా."

"చెప్పిన సార్, నవ్విండు. ఆపుకొని ఆపుకొని దవాఖానల పడుతున్నం. మీ ఇంట్ల ఆడోళ్లను ఒక్క షిఫ్ట్ ఆపుకొని సూడమనుర్రి."

ఆమె వెనకే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. గొంతు కంచులా ఉంది. ఏప్రాన్ అంచు మాత్రం గాలిలేని ఆ గదిలో వణుకుతోంది. అప్పటిదాకా భయం లేకనే మాట్లాడుతోందని అనుకున్నాను. అంత భయపడుతూ కూడా అడగవచ్చని అప్పుడు తెలిసింది.

మర్నాడు అక్కను సీసాలు కడిగే పనికి మార్చారు. జాగ సంగతి ఎవరూ ఎత్తలేదు. పని మొదలయ్యే ముందు అక్క మా దగ్గరికి వచ్చి, "ఇయ్యాల అందరు కడుపునిండ నీళ్లు తాగుండ్రి. వస్తే ఎవల్నీ అడగకుంట పోండ్రి" అని చెప్పి పోయింది.

తాగాం. ఒకరి తర్వాత ఒకరం లేచి, తలెత్తుకుని, లోడింగ్ మగవాళ్ల మధ్య నుంచే గేటు దాకా నడిచాం. గడియ లేని తలుపు దగ్గర ఒకరికొకరం కాపలా. మధ్యాహ్నానికి బల్లల మీద బిళ్లలు గుట్టపడ్డాయి. సూపర్‌వైజర్ అరిచి అరిచి ఊరుకున్నాడు. ఆ చలికాలం పోకముందే మా సెక్షన్ పక్కనే గడియ, నీళ్ల నల్లా ఉన్న మరుగుదొడ్డి కట్టారు. అక్క మళ్లీ మా బల్ల దగ్గరికి వచ్చింది.

నా నొప్పి మందులతో పోయింది. చాలామందికి పోయింది. అక్కకు మాత్రం పోలేదు. తనకూ నొప్పి ఉందని అప్పటిదాకా మాకెవరికీ చెప్పలేదు. "ఈ వయసుల గట్లనే ఉంటది" అన్నారు ఇంట్లోవాళ్లు. ఊళ్లో ఒక ప్రైవేటు డాక్టరు గర్భసంచి తీసేద్దామన్నాడు. "దాంట్లనే ఉన్నదా రోగం? సూసి జెప్పు" అని అడిగి లేచి వచ్చేసింది. డాక్టరమ్మ స్కానింగ్ రాసింది. గర్భసంచి బాగానే ఉంది. కుడివైపు అండాశయం మీద బత్తాయంత నీటితిత్తి. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రిలో దాన్ని తీసేశారు.

చూడ్డానికి పోతే మంచం మీద పడుకునే పక్క మంచాల ఆడవాళ్లకు వివరిస్తోంది. "సూడుండ్రి, గింత జాగల గన్ని ఉన్నయంట. ఏది నొస్తుందో మనకెట్ల ఎర్కైతది? అడగాలె." తన ఒంటి లోపలి సంగతి చెబుతుంటే ఆమె కళ్లలో సిగ్గు లేదు. కొత్త ఊరు చూసి వచ్చిన మనిషి కళ్లలో ఉండే మెరుపు ఉంది.

తర్వాత నాకు పెళ్లయింది, పని మానేశాను, పిల్లలు పుట్టారు. ఏ నొప్పి వచ్చినా దాచుకోకుండా చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా కూతురికీ అదే నేర్పాను.

ఈ ఎండాకాలంలోనే పటాన్‌చెరు బస్టాండులో చివరిసారి కనిపించింది. వెంట ఒక బక్కపలచని అమ్మాయి, చెయ్యి కడుపు మీద. అక్క వాళ్ల పక్కగదిలో కిరాయికి ఉంటుందట, బీహార్ నుంచి వచ్చింది, తెలుగు రాదు. అక్క తనకు వచ్చిన హిందీలో, బస్టాండంతా వినపడేలా చెబుతోంది: "డరో మత్. పేషాబ్ మే జో దర్ద్ హై, డాక్టర్ కో పూరా బోలో." భయపడకు, మూత్రంలో నొప్పి సంగతి డాక్టర్‌కు మొత్తం చెప్పు అని. పక్కనున్న మగవాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

నాతో రెండు మాటలు మాట్లాడి, "జల్దీ పోవాలె, దవాఖాన బంద్ జేస్తరు" అంటూ బొంబాయి పోయే పెద్ద రోడ్డు మీదికి దిగింది. ఒక చేత్తో ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుంది, రెండో చెయ్యి పైకెత్తింది. ఇనుప చువ్వలతో వస్తున్న పెద్ద లారీ ఒకటి బుస్సుమని బ్రేకు వేసి, ఆమెకు బారెడు దూరంలో ఆగింది. అక్క దానివైపు చూడనైనా చూడలేదు. ఆ అమ్మాయి చెవిలో ఏదో చెబుతూ, ఎత్తిన చెయ్యి దించకుండానే, రోడ్డు దాటుతోంది.