నయాగరా బస్సులో కర్చీఫ్ సీటు

కారు లేకపోతే కెనడాయే లేదని మా ఆయన నమ్మకం. ఆ శనివారం నడుం పట్టేసి బోర్లా పడుకుని ఉండి కూడా, "బస్సుల్లో నయాగరా ఎవరు వెళ్తారే? వచ్చేసారి చూద్దాంలే," అన్నారు.

"ఇక్కడ చదివే మన కాలేజీ పిల్లలంతా ఎగిరి వెళ్తున్నారా?" అన్నాను.

వచ్చేసారి అన్నది లేదు. వాళ్ళక్కకు, అంటే మా వదినకు, మర్నాడే కాకినాడ తిరుగు ప్రయాణం. రెండు నెలలుగా ఈయన వాయిదాలు వేస్తూంటే ఆవిడ ఉండబట్టలేక, తమ చర్చి క్వాయర్‌లో పాడే స్నేహితురాలికి నయాగరా చూసేశానని ఫోన్లో చెప్పేసింది. ఆ సంగతి ముందురోజు వంటింట్లో నా దగ్గర ఒప్పుకుంది.

"సండే స్కూల్ పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పేదాన్ని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పనే అమ్మాయ్?"

చూడకుండా విమానం ఎక్కితే ఆ అబద్ధం అబద్ధంగానే ఉండిపోతుంది. నాకేమో డ్రైవింగ్ రాదు. నేర్పడానికి వచ్చిన ముగ్గురితోనూ వాదన కుదిరింది గానీ బండి కుదరలేదు. అందుకని పులిహోర డబ్బాలో సర్దుకుని, మిస్సిసాగాలో మా వీధి చివర బస్సెక్కేశాం.

మా వదినకు ఏ బండి ఎక్కాలన్నా ముందు ప్రార్థన చేసుకోవాలి. వీధి చివరి బస్సుకు చిన్న ప్రార్థన, రైలుకు కాస్త పెద్దది. బర్లింగ్టన్‌లో రైలు దిగేసరికి ఎదురుగా నయాగరా వెళ్ళే రెండంతస్తుల బస్సు కనిపించింది. అంతస్తులు రెండు కాబట్టి ప్రార్థన కూడా ఆ లెక్కనే ఉంటుందని నేను ముందే ఊహించి ఉండాల్సింది. ఆవిడ బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

బస్సు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. కెనడాలో ఏ కాలేజీ చూసినా మన పిల్లలే నిండిపోయిన రోజులవి. అందరూ సెలవురోజున జలపాతం చూడ్డానికే బయల్దేరారు. క్యూలో ముందు తెలుగు, వెనక తెలుగు, మధ్యలో బిర్యానీ వాసన. ఎక్కి, పై అంతస్తుకు పరిగెత్తి, ముందు అద్దం దగ్గర జంట సీటు పట్టేశాను. కాకినాడలో ఎర్రబస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ పడేసిన చెయ్యి ఇది, ఊరికే ఉంటుందా? ఒక సీటు మీద కర్చీఫ్ పరిచి, రెండోదాని మీద నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టి, వదిన కోసం కిందికి దిగాను.

ఆవిడ ప్రార్థనలో ఇంకా మనవల దగ్గరే ఉంది. ఆ తర్వాత డ్రైవర్, అతని పిల్లలు, టైర్లు రావాలి. ప్రార్థనలో ఉన్న మనిషిని భుజం తట్టడం మా ఇళ్ళలో లేదు.

"రెండు నిమిషాలు," అని డ్రైవర్‌ను అడిగాను.

"సారీ మేడమ్, టైమయింది," అని మర్యాదగా తలుపు మూసేశాడు.

తలుపు పడ్డాక గుర్తొచ్చింది, నా బ్యాగ్ పైన ఉంది. ఫోను అందులోనే ఉంది. వదిన ప్రార్థన టైర్ల దగ్గరికొచ్చింది. నేను బస్సును చూస్తూ నిలబడ్డాను. అది గుర్రుమంది గానీ కదల్లేదు. ఆమెన్ వినపడగానే వదిన చెయ్యి పట్టుకుని పరుగెత్తి తలుపు బాదాను. లోపలున్న కుర్రాడెవరో మీట నొక్కి తెరిచాడు.

పైన డ్రైవర్ నా బ్యాగ్ ముందు నిలబడి ఉన్నాడు. ఎవరిదో తెలియని సంచి ఉంటే బండి కదలకూడదట. అతనికి అడ్డంగా ఒక వరంగల్ అమ్మాయి, చిప్స్ ప్యాకెట్ పట్టుకుని ఇంగ్లీషులో వాదిస్తోంది. మమ్మల్ని చూసి తెలుగులోకి దిగింది.

"ఆంటీ, గిప్పుడా వచ్చేది? కర్చీఫ్ ఏసిండ్లు, మనిషి వస్తదని అప్పటిసంది చెప్తున్న. ఈయనకు సమజైతలేదు."

"కర్చీఫ్ అంటే రిజర్వేషనని చెప్పలేకపోయావా?"

"చెప్పిన. ఏ యాప్‌లో చేసిండ్లు అంటుండు."

పైనున్న పిల్లలంతా గొల్లుమన్నారు. ఈ బస్సులో రిజర్వేషన్లుండవని డ్రైవర్ నాకు వివరించాడు. ఉండవు కాబట్టే మేం కనిపెట్టుకున్నామని నేనూ వివరించాను. అతను ఒకసారి కర్చీఫ్ కేసి, ఒకసారి మా వదిన కేసి చూసి, నవ్వుతూ మెట్లు దిగాడు.

"నా ప్రార్థన వల్లే ఆగింది," అంది వదిన, అద్దం ముందు కాళ్ళు బారజాపుకుని.

"నా బ్యాగ్ వల్ల ఆగింది వదినా."

"ఆ బ్యాగ్ అక్కడ పెట్టాలన్న బుద్ధి ఎవరిచ్చారు?"

నేను పులిహోర డబ్బా మూత తీశాను. వాదన మధ్యలో వదిలెయ్యడం నాకు అరుదు. దారి పొడుగునా ఉన్న ద్రాక్షతోటలన్నీ దాటేదాకా ఆవిడ ఆ గెలుపును అనుభవిస్తూనే ఉంది.

నయాగరాలో టౌన్ బస్సు మారి, జలపాతం దగ్గర దిగాం. గాలి తిరిగి తుంపర మా మీద కుమ్మరించింది. వదిన కమ్మీ పట్టుకుని, చీర తడిసిపోతున్నా కదలకుండా, చాలాసేపు చూసింది. తర్వాత నా ఫోను లాక్కుని స్నేహితురాలికి వీడియో కాల్ చేసింది.

"ఏమే, మొన్న నీతో అబద్ధమాడాను. చూళ్ళేదు. ఇదిగో, ఇప్పుడే చూస్తున్నాను. నువ్వూ చూడు."

"నాకు తెలుసులే," అంది అవతలావిడ, ఆవులిస్తూ. "జలపాతం కింద స్నానం చేశానన్నావు చూడు, అప్పుడే అనుకున్నాను."

స్నానం సంగతి వదిన నాకు చెప్పలేదు. నేను తిరిగి చూశాను. మా వదిన నెత్తి మీంచి నీళ్ళు కారుతుండగా కమ్మీ పట్టుకుని, ఊపిరి ఆడనంతగా నవ్వుతోంది.