ఎడమదిక్కు పన్ను

మా అమ్మ పన్ను కథను మావాళ్లు తప్పుగా చెప్తారు. చెప్తే చెప్పనీ అని ఊరుకునేదాన్ని కాను కాబట్టి నా వెనక 'దానికి నోరెక్కువ' అని కూడా చెప్తారు, అదొక్కటి మాత్రం నిజమే. మొన్న ఎల్లారెడ్డిలో మా తమ్ముడి కొడుకు పెండ్లయి, కొత్తకోడలు గడపలో కాలు పెట్టిందో లేదో, మా మేనత్త ఆ పిల్లను పక్కన కూచోబెట్టుకొని ఆ కథే ఎత్తుకుంది. "మీ ముసలత్త ఎంత మర్యాదస్తురాలో ఎరుకేనా బిడ్డా. బావ ముంగట నోరు తెరువద్దని, డాక్టరు మంచి పన్ను పీకుతుంటె గూడ ఉలకలే, పలకలే." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. కొత్తకోడలు నవ్వాలో వద్దో తెలియక తల వంచుకుంది.

నేను చేతిలో పళ్లెం కింద పెట్టి, "ఉలికింది, పలికింది. నేనున్న అక్కడ" అన్నాను.

"నువ్వెంత ఉంటివే అప్పుడు, పావుశేరు పిల్లవు. పెండ్లింట్ల పంచాది పెట్టకు" అంది మేనత్త.

పెండ్లయిన వారానికి అమ్మకు కట్టుడు పళ్లు పెట్టించడానికి కామారెడ్డి తీసుకుపోయాను. అద్దాల తలుపు, చల్లటి గాలి, గోడ మీద తెల్లటి పళ్లతో నవ్వుతున్న ఎవరో అమ్మాయి బొమ్మ, మెత్తటి కుర్చీలు. అన్నీ మారాయి గాని లోపలి గదిలో ఎవరి పన్నుకో మందు పెడుతున్నట్టున్నారు, తలుపు తెరుచుకోగానే లవంగనూనె వాసన వచ్చింది. ఆ వాసనకు నేను తొమ్మిదేండ్ల పిల్లనైపోయాను. ఇది ముచ్చటపడి చెప్పుకునే సంగతి కాదు.

ఆ రోజుల్లో చలికాలమంటే మా ఇంట్లో రెండే పనులు, బెల్లం వండడం, దగ్గడం. సగం పొలం చెరుకే. దసరా దాటి మంచు పడడం మొదలైతే గానుగ కట్టేవారు, ఎద్దులు గుండ్రంగా తిరుగుతుంటే ఆకుపచ్చ రసం కుండలోకి కారేది, ఎండిన చెరుకు పిప్పి పొయ్యిలోకి ఎగదోస్తుంటే మంచం వెడల్పున్న కొప్పెరలో ఆ రసం మరిగి మరిగి, మొదట మురికి నురుగై, తర్వాత బంగారు రంగు పాకమై, ఆ తీపి పొగ మా బట్టలకూ జుట్టుకూ పుస్తకాలకూ పట్టి బడిలో మా బెంచి చుట్టూ ఈగలు ముసిరేవి. చెరుకు ముక్క పాకంలో ముంచి, చల్లటి నీళ్లలో తీసి, పంటికి అంటుకుపోయే ఆ తీగను గుంజుకుంటూ తినడం పిల్లలందరికీ పండుగే. ఆ పండుగ వల్లనే మా ఇంట్లో ఒక్కరి నోరూ సరిగా ఉండేది కాదు. కాని మేనత్త ఇంకో మాట కూడా చెప్తుంది, అమ్మ బెల్లం ఎక్కువ తిని పళ్లు పాడుచేసుకుందట. అమ్మ కొప్పెర దగ్గరికి గంప నెత్తిన పెట్టుకొని పోయి, అందరికీ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, ఖాళీ గంపతో తిరిగొచ్చేది. అక్కడ నిలబడి బెల్లం తినేంత తీరిక ఆమెకు ఎవరిచ్చారో మేనత్తనే అడగాలి.

దగ్గుల్లో కూడా పెద్దాచిన్నా ఉండేది. మొదటి దగ్గు పెదబాపుది, అంటే మా బాపు అన్నది. ఆయన దగ్గితే కాగులో నీళ్లు ముందు ఆయనకే, కుంపటి దగ్గరి చోటు ఆయనదే, మందపాటి గొంగడి ఆయనదే. తర్వాత బాపు, తర్వాత తమ్ముడు, తర్వాత నాయినమ్మ, ఆ తర్వాత నేను. తమలపాకుకు ఆముదం రాసి సెగ చూపి మా ఛాతీల మీద వేసేవారు, వావిలాకు మరిగించిన నీళ్లతో తలస్నానం, వాము పొగ, మిరియాల కషాయం, అవేవీ పనిచేయకపోతే స్టీలు డబ్బాలో సూది ఉడకబెట్టుకొని సైకిలు మీద తిరిగే సూదుల డాక్టరు. వీటన్నిటికీ ఆకు తెచ్చేది, నూరేది, కాచేది అమ్మ. అమ్మకు జ్వరం వచ్చిన రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు. రాలేదని కాదు, వచ్చిన రోజు కూడా పొయ్యి మండింది కాబట్టి మాకెవరికీ తెలియలేదు.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. కోడలు బావ ముందర, అంటే మొగుడి అన్న ముందర, మాట్లాడదు. పెదబాపు పొద్దంతా వసారాలో మంచం వేసుకొని కూర్చునేవాడు, వంటింట్లోంచి బావి దగ్గరికి పోవాలంటే ఆ మంచం కుడిచేతి వైపు పడేది. అందుకని అమ్మ కొంగు నెత్తిమీదుగా లాగి, కుడి చెంప దగ్గర చేత్తో పట్టుకొని, ఆ ముక్క దూరం గబగబా దాటేది. తిరిగొచ్చేటప్పుడు ఎడమ భుజం మీది బిందే చాటు. పన్నెండేండ్ల కాపురంలో ఆయన చూసింది ఆ కొంగునూ ఆ చేతినే, ముఖాన్ని కాదు. ఆయనతో ఏదైనా చెప్పాలంటే మధ్యలో నేను. "మీ పెదబాపు అన్నానికి లేస్తడా అడుగు" అనేది అమ్మ తలుపు చాటునుంచి, ఆయనకు స్పష్టంగా వినబడేటట్టే. ఆయన విన్నా వినన‌ట్టే కూచొని, నేను పోయి అదే మాట అడిగాక, "వస్తున్న అని చెప్పు" అనేవాడు. ఇద్దరికీ మధ్య దూరం నాలుగు బారలు. ఆ నాలుగు బారల మీద నేను రోజంతా మాటలు మోసేదాన్ని, ఒక్క మాట ఎక్కువ చెయ్యకుండా, ఒక్క మాట తక్కువ చెయ్యకుండా. ఆ పనిలో నన్ను తప్పు పట్టినవాళ్లు లేరు.

ఆ చలికాలం అమ్మకు పన్ను నొప్పి మొదలైంది. ఎడమదిక్కు, కింది దవడ పన్ను. లవంగం పెట్టుకుంది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, నాయినమ్మ చెప్తే తంబాకు కూడా అదిమి పెట్టుకొని కళ్లు తిరిగి పడింది. నాయినమ్మ వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ పట్టించి, "పురుగు రాలింది సూడు" అని ఏదో నల్లటి నలుసు చూపించింది. దవడ వాచింది. సూదుల డాక్టరు సూది వేస్తే వాపు దిగింది, నొప్పి దిగలేదు. కామారెడ్డిలో పళ్ల డాక్టరు ఉన్నాడని అందరికీ తెలుసు. బాపు మాత్రం, "కోసిన చెరుకు ఎండుతది, కొప్పెర దిగనియ్యి" అన్నాడు. అదే నెలలో తమ్ముడికి చెవి పోటు వస్తే తెల్లారి మొదటి బస్సుకే కామారెడ్డి పోయారు, ఆ రోజు కొప్పెర తనంతట తానే దిగింది. అమ్మ పన్ను మాత్రం బెల్లం అమ్మకానికి కామారెడ్డి గంజ్‌కు పోయేదాకా ఆగాలి. గంజ్‌కు పోయేది పెదబాపు.

అట్లా ముగ్గురం పోయాం. బస్సులో ఆయన ముందు సీట్లో, నేనూ అమ్మా వెనకాల. కిటికీకి అద్దం లేదు, లింగంపేట దాటి అడవిలోకి పోయేసరికి చలిగాలి కోసింది, అమ్మ కొంగును ఎడమ చెంపకు మడతలు పెట్టి అదుముకొని దారి పొడుగునా కళ్లు మూసుకునే ఉంది. కామారెడ్డిలో దిగాక కూడా ముందు గంజ్. బెల్లం ముద్దల గుట్టలు, వాటి మీద తేనెటీగలు, హమాలీల అరుపులు, బండ్ల మీద కప్పిన తాటిపత్రి గుడ్డల వాసన. బేరం తెగేదాకా మేము ఒక దుకాణపు మడిగె అరుగు మీద కూచున్నాం. పొద్దు వాలుతుంటే స్టేషను దారిలో ఉన్న పళ్ల డాక్టరు దగ్గరికి పోయాం. అద్దాల బీరువాలో సున్నపు దవడలు వరసగా పెట్టి ఉన్నాయి, అవి ఎవరి నోట్లోంచి తీశారో అని నేను అమ్మ చెయ్యి వదల్లేదు.

ఇనుప కుర్చీలో అమ్మను కూచోబెట్టారు. పెదబాపు మర్యాదగా గుమ్మంలో, ముఖం బజారు వైపు పెట్టి నిలబడ్డాడు.

"ఏ దిక్కమ్మా" అన్నాడు డాక్టరు.

అమ్మ నావైపు వంగింది. ఆమె ఊపిరి నిండా లవంగం వాసన. "ఎడమదిక్కని చెప్పు" అని నా చెవిలో అంది.

"ఎడమదిక్కంట" అన్నాను నేను.

పెదబాపు వెనక్కి తిరగకుండానే, "దానికేమెరుక సార్, చిన్నపిల్ల. కుడిదిక్కే. నెలరోజులసంది సూస్తున్న, చెయ్యి అక్కన్నే పెట్టుకుంటది" అన్నాడు.

చెయ్యి అక్కడ పెట్టుకునేది నొప్పికి కాదు, ఆయనకు. అది ఆయనకు తెలియదు. అమ్మ మళ్లీ వంగి, ఈసారి కొంచెం గట్టిగా, "ఎడమదే, చెప్పు" అంది. నేను మళ్లీ చెప్పాను, బజారుకు వినబడేటట్టు. డాక్టరు నన్ను చూసి నవ్వి, "పెద్దమనిషి చెప్తున్నడు గద బిడ్డా" అన్నాడు. అమ్మ నోరు సగమే తెరిచింది, ఆ గుమ్మంలో మనిషి ఉండగా అంతకంటే తెరవదు. ఆ సగంలో కుడి పన్ను మీద ఏ చిన్న మచ్చ కనబడిందో, సూది కుడివైపే దిగింది. మొద్దుబారేది ఏ పక్కనో అమ్మకు అప్పుడు అర్థమైంది. చేత్తో డాక్టరు చేతిని నెట్టింది. "భయపడకమ్మా, ఐపాయె" అన్నాడు. అవును, ఐపోయింది. తెల్లటి పింగాణీ గిన్నెలో పడిన ఆ పన్నుకు ఎక్కడా పుచ్చు లేదు, నేను చూశాను.

బస్టాండులో పెదబాపు నాకు జిలేబి కొనిచ్చాడు. అమ్మ నోటినిండా దూది.

మర్నాడు పొయ్యి ముందర అమ్మ ఎడమ చెంప పట్టుకొని కూచుంటే బాపు, "ఇంకేంది" అన్నాడు. నేను మొత్తం చెప్పాను. ముందు నాయినమ్మ నవ్వింది, తర్వాత బాపు నవ్వాడు. వసారాలోంచి పెదబాపు దగ్గి, గొంతు సవరించుకొని, "ఆమె చెప్పకపాయె, నాకెట్ల ఎరుకైతది" అన్నాడు. ఆ ఒక్క మాటే కథైంది. సాయంత్రానికి వాడకట్టు దాకా పోయింది, ఏడాదికి చుట్టాల దాకా, ఇప్పుడు కొత్తకోడళ్ల దాకా. ఎడమ పన్ను సంగతి ఎత్తితే నాయినమ్మ, "ఒకటి పీకిచ్చుకొని వారం కాలే, ఇంకోటా, నోట్ల ఏమన్న మిగలాలెనా వద్దా" అంది. మళ్లీ బెల్లం గంజ్‌కు పోయే కాలం వచ్చేసరికి ఆ పన్ను తనంతట తానే పెచ్చులు పెచ్చులుగా విరిగిపోయింది. ఆ ఏడాదంతా అమ్మ ఏ పక్కా నమలలేక జొన్న గటకను మజ్జిగలో పలచగా కలుపుకొని తాగింది. మా అందరి కోసం సకినాలు చుట్టింది, ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. అది కూడా మర్యాదే అనుకున్నారేమో.

ఇప్పుడు మా పొలంలో చెరుకు లేదు. గానుగ రాయి పశువుల కొట్టం పక్కన సగం మట్టిలో కూరుకుపోయింది, కొప్పెరను ఎవరో పాత ఇనుముకు వేశారు. కుంపటి లేదు, కాగు లేదు, సూదుల డాక్టరు సైకిలు లేదు. వీటి కోసం నేను కన్నీళ్లు పెట్టను, మావాళ్లు వాట్సాప్‌లో చాలినంత పెడుతున్నారు. పెదబాపు పోయి మూడేండ్లైంది. చివరి రోజుల్లో అమ్మే ఆయనకు జావ పట్టింది, ఎదురుగా కూచొని, నేరుగా మాట్లాడుతూ. ఆ పద్ధతి ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. అంత సులువుగా పోయేదైతే ఆ ఒక్క సాయంత్రం పోతే ఏం పోయేదని నాకనిపిస్తుంది.

మొన్న క్లినిక్‌లో డాక్టరమ్మ, మా అమ్మాయి వయసుది, అమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, "కుడిపక్క దవడ పన్ను చాలా ఏండ్ల కిందనే తీసినట్టున్నరు, ఎముక మొత్తం అరిగింది. ఎందుకు తీయించుకున్నరమ్మా" అంది.

అమ్మ లేచి కూచొని, కొంగు సర్దుకొని, సంబరంగా ఆ కథ చెప్పింది. మేనత్త చెప్పినట్టే, ఒక్క మాట తేడా లేకుండా. "నేనేమనలే బిడ్డా. బావ ముంగట మాట్లాడ్తమా."

"అన్నవు. నా చెవుల అన్నవు. రెండుసార్లు" అన్నాను.

"లే, అనలే. నీకట్ల యాదికున్నది" అంది అమ్మ, నావైపు చూడకుండా.

డాక్టరమ్మ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "సరేగాని, నోరు పెద్దగ తెరువమ్మా" అంది. అమ్మ తెరిచింది, పూర్తిగా. రెండు పక్కలా ఖాళీ.

తిరిగొస్తుంటే కారులో అడుగుదామనుకున్నాను. అమ్మ కిటికీకి తల ఆనించి అడవిని చూస్తూ కూచుంది, లేదా చూస్తున్నట్టు కూచుంది. అడగలేదు, అడిగితే మళ్లీ 'లే' అంటుంది. కాని మావాళ్లందరితోటీ వాదించి ఈ ఒక్క మనిషి దగ్గర ఓడిపోవడం నాకు మింగుడు పడడం లేదు. 'చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు' అనడంకన్నా, 'నేను చెప్పనే లేదు' అనడం నీకు తక్కువ నొప్పి ఎట్లయిందమ్మా?