ఎవరి తాలూకు?

నీళ్ల సరఫరా ఆఫీసు కంప్యూటర్ గదిలో ఆవిడని అందరూ ఆరా అక్క అంటారు. వెక్కిరింతకి పెట్టిన పేరే. ఏ ఫైలు కనబడినా, అది ఎవరి తాలూకో కంప్యూటర్‌ని ఆరా తీయందే ఆవిడ ముట్టుకోదు. ఫైళ్లకీ ఇంటిపేర్లుంటాయి మరి. ఏ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీతో దిగితే అదే వాటి ఇల్లు.

ఆ రోజు పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారుతున్నారు. ప్యాకేజీల ఫైళ్లు ప్యాకేజీలతోపాటే వచ్చేస్తాయి, బెంగలేదు. ఒక్క ఫైలు దగ్గర మాత్రం కంప్యూటర్, ఇది ఏ ప్యాకేజీదీ కాదంది.

"దిక్కూ మొక్కూ లేనిది, వదిలేద్దాం అక్కా," అన్నాడు పక్క సీటు ఇంజనీరు.

"నోరు ముయ్యవయ్యా! ఊరూ పేరూ కనుక్కోకుండా ఎవర్నీ వీధిన పడెయ్యకూడదు," అంటూ ఆవిడ ఫైలు తెరిచి, ఫక్కున నవ్వింది.

ఏ పంపు ఆగినా డ్యూటీవాళ్ల ఫోను మోగించే ప్రోగ్రామ్ అది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొళాయిలన్నీ ఎండిపోయిన వేసవిలో, తనే కూర్చుని రాసింది. రాసి మర్చేపోయింది, అదేమో ఇన్నేళ్లుగా నమ్మకంగా కాపలా కాస్తోంది.

"అర్ధరాత్రి ఫోను మోగిందని మా ఆవిడ రోజూ తిట్టేది దీన్నేనా!" అన్నాడు ఇంజనీరు.

ఆరా అక్క అక్కడికక్కడే దానికో ప్యాకేజీ కట్టింది.

"పేరేం పెడతారక్కా?"

ఆవిడ పేరు టైపు చేసి, కొత్త సర్వర్‌లో ఎక్కించి, పాత ప్రశ్నే మళ్లీ అడిగింది. ఈసారి కంప్యూటర్ తడుముకోలేదు.

ఆరా తాలూకు, అంది.